ఆ ముసలామెను తీసుకుపోయారా

మొన్న పొద్దున చాయ తాగుతూ కూర్చుంటే మా కోడలు ఫోనులో ఏదో చదువుతూ చదువుతూ ఆగి, మీరు ఆదివారం ఆదివారం ఊరికి పోయి చూసేవారే ఆ అంతరిక్షం సీరియల్, దాన్ని మళ్ళీ తీయాలని ఆలోచిస్తున్నారట మామయ్యా, అని చెప్పింది. చాయ చల్లారిపోయేదాకా నేను గ్లాసు పట్టుకునే ఉన్నాను. అది మళ్ళీ రావడం అంత సులువు కాదని కూడా రాశారట. నటుల్లో కొందరు పోయారు, మిగిలినవాళ్ళకు వయసు మీద పడింది, ఓడ లోపలి గదులని మనకు చూపించిన సెట్టును ఎప్పుడో విప్పేశారు, హక్కులు ఒకరి చేతినుంచి ఇంకొకరికి మారాయి, అయినా చూసినవాళ్ళు మాత్రం అడగడం మానలేదట. అడిగేవాళ్ళలో మా బావ పేరు ఉండదు. అందరికంటే ఎక్కువ అడిగింది ఆయనే.

బావ అంటే మా అక్క భర్త. దేవరకొండ అవతల పల్లెలో ఆముదాలు, కందులు, తర్వాత బోరు పడ్డాక పత్తి వేసి బతికిన మనిషి. ఆ బోరు నీళ్ళే తాగాడు. మా దిక్కు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి నా వయసువాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నలభై దాటేసరికి నడుము పట్టేసింది, యాభై దాటేసరికి మెడ ముందుకు వంగి అట్లాగే బిగుసుకుపోయింది. నిలబడితే ఆయనకు కనిపించేవి తన కాలివేళ్ళూ, ఎదుటివాళ్ళ చెప్పులూ. ఎవరు వచ్చారో చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేవాడు. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు నల్లాలో కృష్ణ నీళ్ళు ఇంటిముందుకే వచ్చాయి. అక్క మొదటి బిందె పట్టి ఆయన చేతనే తాగించింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి కానీ, వంగిన ఎముక తిరిగి లేవదు కదా.

గోడకు బిగించిన టీవీ ఆయనకు కనిపించేది కాదు. అందుకని అక్క దాన్ని దింపి నేలమీద పీట వేసి పెట్టించింది. పట్నంనుంచి వచ్చినవాళ్ళు చూసి నవ్వుకునేవారు గానీ, మేమందరం గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని చూడడానికి అలవాటు పడ్డాము. అప్పటికి నేను తహసీలు ఆఫీసులో పని విరమించి దేవరకొండలో ఉంటున్నాను. ఆదివారం ఉపాహారం కాగానే ఆటో ఎక్కి పదిన్నరకల్లా వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. ఒకనాడు వ్యవసాయం కార్యక్రమం కోసమని పెడితే, అది అయిపోయి ఈ సీరియల్ మొదలైంది. ఏ దేశంవాళ్ళు తీశారో, తెలుగు మాటలు అతికించి వేస్తున్నారు. నల్లటి ఆకాశం, చెదిరిన చుక్కలు, వాటి మధ్యనుంచి మెల్లగా పోతున్న ఓడ. బావ తెరమీది ఆకాశాన్ని వేలితో చూపించాడు. తర్వాత అన్నాడు.

“మొగులు దిక్కు చూసి ఎన్నేండ్లాయెనో బామ్మర్దీ. గిప్పుడు మొగులే నా కాళ్ళకాడికొచ్చింది.”

ఆనాటినుంచి మేము ఒక్క ఆదివారం తప్పలేదు. ఒక ఓడ కథ ముగిస్తే అదే లోకంలో ఇంకో ఓడ, ఇంకో కెప్టెన్, ఇంకో శత్రువు. మనుషులు మారినా కథ సాగుతూనే ఉండేది. వారం గడిచేసరికి ఎక్కడ ఆగిందో బావ మరిచిపోయేవాడు. నేను చిన్ననాటినుంచీ డైరీ రాసేవాణ్ణి కనుక, ఆనాటి కథ కూడా నాలుగు వాక్యాల్లో రాసుకునేవాణ్ణి. సీరియల్ మొదలయ్యే ముందు పోయినవారం పేజీ విప్పి చదవడం నా వంతయింది. “మా అయ్యగారొచ్చిండు, పంచాంగం విప్పుతడు, ఇనుండ్రి” అని బావ నన్ను ఏడిపించేవాడు. అక్క చింతపండు గింజలు తీస్తూ ఓరకంట చూసేది. ఆమె సందేహం ఎప్పుడూ ఒకటే. “గిన్నేండ్లసంది ఎగురుతనే ఉన్నరు, వాళ్ళకు వంటెవ్వరు చేస్తున్నరు?”

చివరి ఓడలో ఒక ముసలి మెకానిక్కు ఉండేది. అందరితో తగవు పెట్టుకుంటుంది, యంత్రాన్ని చేత్తో తట్టి రోగం చెబుతుంది. బావకు ఆమె అంటే ప్రాణం. ఒక ఆదివారం ఓడ ఏదో చీకటి గ్రహం మీద చిక్కుకుంటే, కిందనుంచి ఎవరో ఒకరు మీట పట్టుకుని ఉంటే తప్ప పైకి లేవదని తేలింది. ఆమె దిగి పట్టుకుంది. ఓడ లేచింది. ఆమె అక్కడే నిలబడి పైకి చూస్తుండగా, పైన కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పమని చెయ్యెత్తాడు. అక్కడ ఆపేశారు.

మరుసటి ఆదివారం అదే సమయానికి నడుము సన్నబడే పట్టీలు అమ్ముతున్నారు. ఆ పై వారమూ అదే. టీవీవాళ్ళకు నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అప్పట్లో మా అబ్బాయిని విచారించమంటే, తీసినవాళ్ళే అక్కడితో నిలిపేశారని, ఆ పై కథ ఎక్కడా లేదని తేల్చి చెప్పాడు. ఆ మాటే బావకు చెప్పాను.

ఆయన ఊరుకోలేదు. నేను ఎప్పుడు పోయినా అదే ప్రశ్న.

“గా ముసల్దాన్ని తీస్కపోయిన్రా లేదా?”

“తీయనేలేదు బావా. తీయంది నాకెట్ల ఎరుక?”

“మొదటిసంది రాసినోనివి నీకు ఎరుకలేదా? వాళ్ళ గుణం నీకు తెల్వదా? నువ్వే చెప్పు, ఏమైతది?”

నేను చెప్పలేదు. చూడనిది చెప్పడం నాకు అలవాటు లేదు. ఆఫీసులో ఉన్న రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలిచి రాసే పని నాదే. ఒక ఏడు, నాలుగు మిల్లీమీటర్లు తగ్గించి రాస్తే మండలం కరువు జాబితాలోకి వస్తుందని ఊళ్ళవాళ్ళు వచ్చి బతిమాలారు. వాళ్ళలో బావ కూడా ఉన్నాడు. నేను పడినంతే రాశాను. అది గుర్తు పెట్టుకునే అన్నాడేమో, “నౌకరి ఇడిసినా నీ సర్కారు బుద్ధి ఇడుస్తలేదురా” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

చివరి చలికాలంలో ఆయనకు ఊపిరి అందక నల్లగొండ దవాఖానలో చేర్పించాము. పక్కటెముకలు కూడా బిగుసుకుపోయి ఛాతీ విచ్చుకోవడం లేదన్నారు. వెల్లకిలా పడుకోలేడు, ఒక పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని ఉండేవాడు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే, మా ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉండేవి. మధ్యాహ్నం వేళ, అక్క పాలు పోయించుకుని అప్పుడే వచ్చింది. బావ కళ్ళు తెరిచి నన్ను చూసి, గొంతులో లేని బలం తెచ్చుకుని మళ్ళీ అదే అడిగాడు, తీస్కపోయిన్రా అని. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి కళ్ళు మూసుకున్నాడు. మూడోనాడు పోయాడు.

పదకొండోనాడు చుట్టాలందరూ కదిలాక, అక్క గిన్నెలు బోర్లిస్తూ, నా వైపు తిరగకుండానే అంది.

“తీస్కపోయిన్రు అని ఒక్క మాట చెప్తె నీ డైరీ ఖరాబైతుండెనా తమ్మీ?”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి జవాబు చెప్పుకునేవాణ్ణి. ఆయన సీరియల్ సంగతి అడగలేదని, అందరూ తనను దాటిపోయాక ఒక మనిషి కోసం ఎవరైనా వెనక్కి వస్తారా అని అడిగాడని, ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు. వారం వారం ఆటో ఎక్కి వెళ్ళినవాణ్ణి నేనే అయినా.

మొన్న కోడలు చెప్పిన కబురు అక్కకు ఫోను చేసి చెప్పాను. “వచ్చేదుంటె అప్పుడే రావాలె గద” అంది. తర్వాత, అన్నం తిన్నవా అని అడిగింది.

ఆ సీరియల్ వస్తుందో రాదో నేను చెప్పలేను. రావచ్చు. కొత్త ముఖాలతో, కొత్త ఓడతో వస్తుంది. ఇప్పుడు దేనికీ ఆదివారం దాకా ఆగనక్కర లేదు. మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్ళ చేతిలో, ఎవరి కథ వాళ్ళ చెవిలో, నచ్చకపోతే మధ్యలో వదిలేస్తారు, నచ్చితే ఒక్కరోజులో చివరిదాకా చూసేస్తారు. తరువాత ఏమైందని ఒకరినొకరు అడగడం నేను వినలేదు. ఈ మధ్య నేనూ మారాను. పార్కులో నాతోపాటు కూర్చునే పెద్దాయన, తనతో చాలా ఏళ్ళుగా మాట్లాడని తమ్ముడు ఈ పండక్కి వస్తాడంటావా అని అడిగితే, ఏమీ తెలియకుండానే, వస్తాడు, తప్పకుండా వస్తాడు అని చెప్పాను. ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, నేను కాసేపు అటు తిరిగి కూర్చోవలసి వచ్చింది.