మూడుసార్లు ఉమ్మిన ముద్ద

ఆదోనిలో మా ఇంట్లో మొదట పడిపోయింది నేనే. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మధ్యాహ్నానికి వాంతులు, బేదులు. మరునాటికి ఏడేళ్ల మా పాపకూ అంటుకుంది. మా ఆవిడ పుట్టింటి పని మీద ఎమ్మిగనూరు వెళ్లి ఉంది. ఇంట్లో నిలబడి ఉన్న ప్రాణాలు రెండే: మా అమ్మ, మూడు నెలల కుక్కపిల్ల.

నా భయమంతా కుక్కపిల్ల గురించే. పాపకు అదంటే ప్రాణం. కిందటి వారం దానికి సూది వేసిన పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మనుషుల కడుపు జబ్బుల్లో కొన్ని జంతువులకూ అంటుకోవచ్చని, జబ్బుపడ్డవాళ్లు దాన్ని ముట్టుకోకూడదని, ఎంగిలి అసలే వేయకూడదని ఆమె చెప్పింది.

ఇక నా హడావుడి చూడాలి. ఒక చేత్తో కడుపు పట్టుకుని, కుక్కపిల్లను మిద్దె మీదికి మార్పించాను. గిన్నె వేరు, నీళ్లు వేరు. వాంతి పడ్డ చోటల్లా బ్లీచింగ్ పౌడర్ చల్లించాను. పైకి వెళ్లేది అమ్మ ఒక్కతే, అదీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. పాప ఎంత ఏడ్చినా మెట్లెక్కనివ్వలేదు.

"కుక్కతో మడి కట్టిస్తాండావు కదప్పా!" అని అమ్మ నవ్వింది.

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

బుధవారానికి నా కడుపు కుదుటపడింది. ఆ పొద్దున అమ్మ మిద్దె మీది నుంచి గబగబా దిగి వచ్చింది. "అది లేస్తా ల్యాదప్పా. కక్కుకోని పడుంది."

నమ్మలేక పైకి పరుగెత్తాను. పిలిస్తే తోక కూడా కదపలేదు. ఇన్ని జాగ్రత్తల మధ్య జబ్బు ఏ సందులోంచి దూరిందో అర్థం కాలేదు.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ సెలైన్ పెట్టి, ఏం తిన్నదని అడిగింది. "పెరుగన్నమే, వేరే గిన్నెలో" అన్నాను ధీమాగా. "ఇంట్లో ఇంకోసారి కనుక్కోండి. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది. దాన్ని అక్కడే ఉంచుకున్నారు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పాప గడపలో కూర్చుని ఉంది. అమ్మ అన్నం ముద్ద ఒకటి పాప తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నోటి ముందు పెట్టింది. "ఉమ్ము తల్లీ." పాప థూ, థూ, థూ అని ముద్ద మీద ఉమ్మింది. అమ్మ లేచి, అలవాటుగా మిద్దె మెట్ల వైపు నడిచి, ఆగిపోయింది.

"అది ల్యాకపాయ. ఈ పొద్దు ఎవరికెయ్యాల?"

"రోజూ దానికే వేస్తున్నావా?"

"దిష్టి తీసిన ముద్ద కుక్కకు గాక యాడ ఏస్తారప్పా? ఇంట్లో కుక్కను పెట్టుకోని బజార్లో ఎతుక్కోవాల్నా? చేతులు కడుక్కునే పోయినా కదా!"

"ఎంగిలి వేయొద్దని చెప్పలేదా?" అని అరిచాను.

"అది ఎంగిలి కాదు కదప్పా," అంది అమ్మ, నిజంగానే అర్థం కాక. "దిష్టి."

ఇంకా నోటికొచ్చినట్టు అరిచాను. పాప బెదిరి ఏడ్చింది. అమ్మ ముఖం చిన్నబోయింది. "ఆదివారం నీకు తీసింది గూడా దానికే ఏసినానే" అంది మెల్లగా.

ఆ రోజు మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, అమ్మ ఉమ్మమనగానే బుద్ధిగా మూడుసార్లు ఉమ్మాను. డాక్టరమ్మకు ఫోన్ చేసింది ఆ తర్వాతే. చిన్నప్పటి నుంచి ఎన్ని ముద్దల మీద ఉమ్మి ఉంటానో. అవి ఎక్కడికి పోతాయని ఒక్కసారీ అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం ఆసుపత్రిలో కుక్కపిల్ల తలెత్తి నీళ్లు తాగింది. మరునాడు ఇంటికి తెచ్చాం. ఎముకలు బయటపడ్డాయి గానీ, పాపను చూసి తోక ఊపింది.

ఆ సాయంత్రం అమ్మ మళ్లీ ముద్ద పట్టుకొచ్చింది. కుక్కపిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి, చేయి గాల్లో ఉండగానే నా వైపు చూసింది.

"దీనికి తీసింది ఎవరికెయ్యాలప్పా?"

నాకు కోపం రాలేదు. ముద్ద తీసుకుని పెరట్లో గుంత తవ్వాను. మన్ను కప్పుతుంటే అలవాటు కొద్దీ నా నోట్లో ఉమ్ము ఊరింది. మింగేశాను.