ఉప్పలమ్మ బుగ్గలు, బాలింతల నెయ్యి

మా పెద్దమ్మ ఉప్పలమ్మది పాలకుర్తి పక్క పల్లె. గొల్లవాళ్లం. గడీలో దొరకు వెట్టిగా నెయ్యి మోసిన ఇల్లు మాది. చిలికింది మేము, తిన్నది వాళ్లు. దొరలను ఎదిరించే సంఘం వచ్చి వెట్టి ఆపించాక, ఇంటింటి నుంచి కొంత నెయ్యి పోగుచేసి బాలింతలకు ఇవ్వాలని ఊరంతా అనుకున్నారు. ఆ కుండను పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. నమ్మకస్తురాలని ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఆ ఏడే ఆమె ఒళ్లు పొంగింది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, నడక మందగించింది. ఎండాకాలంలోనూ గొంగడి కప్పుకునేది. తినేదేమో జొన్న గట్క, చింతపండు చారు. అప్పుడే కుండ కూడా అడుగంటింది. ఆ ఏడు కాన్పులు ఎక్కువన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, పెద్దమ్మ బుగ్గలు మాత్రం అందరికీ కనిపించాయి. మావాళ్ల తెలివిని ఏమనాలి! దొర తిన్నన్నాళ్లూ నోరెత్తనివాళ్లకు ఇప్పుడు ఎక్కడలేని మాటలూ పుట్టుకొచ్చాయి.

"నెయ్యి యాడికి పోయిందని ఎతుకుడెందుకు? ఉప్పలమ్మ మొకం జూడుండ్రి," అంది పక్కింటి చంద్రమ్మ.

రజాకార్ల భయమున్నా పెదనాన్న ముత్తయ్య ఆమెను ఘన్‌పూర్‌లో రైలెక్కించి మిషన్ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ గొంతు తడిమి చూసి, రక్తం తీసి హైదరాబాదుకు పంపింది. మళ్లీ వెళ్లినప్పుడు, "రక్తంలో కొలెస్ట్రాల్ చాలా ఉంది. అదొక రకం కొవ్వు," అని చెప్పింది.

పెదనాన్న ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ ముందే, "నిజం జెప్పు. కుండల చెయ్యి పెట్టినవా?" అని అడిగాడు.

ఊరంతా అన్నప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "తిండి వల్ల కాదయ్యా. గొంతులో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. అది మందగిస్తే ఒళ్లంతా మందగిస్తుంది. కొవ్వు ఖర్చుకాక రక్తంలోనే నిలిచిపోతుంది. వదిలేస్తే గుండెకు ముప్పు," అంటూ గొర్రె గ్రంథితో చేసిన మాత్రలిచ్చింది.

గొర్రె పేరు వినగానే పెద్దమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "మేపినందుకు గొర్లు సుత నా మంచి జూస్తున్నయి. నువ్వే నమ్మకపోతివి," అంది. ఊరొచ్చేదాకా పెదనాన్న తలెత్తలేదు.

వచ్చేసరికి సంఘం మనిషి పోశాలు గడపలో ఉన్నాడు. "కుండను కొన్నాళ్లు చంద్రమ్మకాడ పెడ్దం అక్కా," అన్నాడు మెల్లగా.

పెద్దమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. "గిప్పుడు తీస్కపోతే, రేపు నేను చిక్కినంక నెయ్యి దొరకక చిక్కిందంటరు. కుండ ఈడనే ఉండాలె. అది నిండాలె, నేను చిక్కాలె. రెండూ మీ కండ్లతోని జూడుండ్రి."

పోశాలు ఉత్తచేతులతో వెనక్కి పోయాడు. కుండ ఉండిపోయింది.

వానలు ముదిరేసరికి ముఖం వాపు తీసింది, గొంతు తేటపడింది. రక్తంలో కొవ్వు కూడా దిగిందనీ, మాత్రలు మాత్రం ఆపొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. కుండలో నెయ్యి మెడదాకా వచ్చింది. పెద్దమ్మ మళ్లీ మంద వెంట ఉరుకుతుంటే నాకు ఎంత సంతోషమో!

అప్పుడే చంద్రమ్మ కూతురికి కాన్పయింది. చంద్రమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, లోపలికి రాలేక వాకిట్లోనే నిలబడింది.

"లోపటికి పోయి నువ్వే ముంచుకో," అంది పెద్దమ్మ.

"నేనా?"

"నువ్వే. నేనేం అనుమానపడ."