గోడ మీది బొగ్గు గీతలు

మొన్న హయత్‌నగర్‌లో మనవరాలిని కసరత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పదమూడేళ్ల పిల్ల, వెన్నెముక కొంచెం పక్కకు ఒరిగింది. ఇప్పటివాళ్లు దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు; మన కాలంలో గూని అనేవాళ్లం, ఆ ఒక్క మాటతోనే రోగాన్నీ పిల్ల బతుకునీ కలిపి తేల్చేసేవాళ్లం. ఆ డాక్టరమ్మ పిల్లను అద్దం ముందు నిలబెట్టి, లోపలికి పోయిన పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి ఇక్కడికి పంపు, నా చెయ్యిని నెట్టు అన్నది. కుర్చీలో కూర్చున్నదాన్ని దిగ్గున లేచి నిలబడ్డాను. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఈ వయసులో ఏది గుర్తుకొచ్చి లేచినా మంచినీళ్లే ఇస్తారు.

ఆ మాట నేను మొదట విన్నది నిజాం కాలంలో, హైదరాబాదులోని ఒక దవాఖానలో. మాది ఇబ్రహీంపట్నం. చెరువు కింద కాస్త పొలం, రెండు ఎడ్లు, ఆడవాళ్లు బయటికి కనబడకుండా చుట్టూ గుడ్డ కట్టిన బండి ఒకటి, దాన్ని కచ్చడం అనేవాళ్లం. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో బాపు, కళ్లలో పువ్వు పడి చూపు మసకైన నాయినమ్మ, పద్నాలుగేళ్ల అక్క, పదకొండేళ్ల నేను. అక్క వంగి వాకిట్లో ముగ్గు వేస్తుంటే కుడిపక్క వీపు లేచి ఉండటం ముందుగా చూసింది నేనే. చూసినదాన్ని ఊరుకోవాలి కదా? "ఏందే అక్కా, వీపు మీద సద్దిమూట కట్టుకొని ఎటు పోతున్నవ్?" అన్నాను. నా బుద్ధి మొదటి నుంచీ అంతే. ఇంట్లో ఎవరికైనా ఏడుపొచ్చేలా ఉంటే, అది రాకముందే ఒక ఎకసెక్కం విసిరి పాడుచేసేదాన్ని.

బాపు వంగిన కర్రను తడిపి, బరువు పెట్టి సరిచేసే మనిషి. బిడ్డ కూడా అట్లాగే సర్దుకుంటుందనుకుని, నీళ్లబిందె రెండో చంకన మొయ్యమన్నాడు. ఆరు నెలలు మోసింది. బిందెకు సొట్ట పడింది గానీ అక్క వీపు మారలేదు. అప్పుడు కచ్చడం కట్టాడు.

దవాఖానలో కసరత్తులు చేయించే నర్సమ్మ ఒకామె ఉండేది. అక్కను చేతులూ మోకాళ్ల మీద పాకమన్నది, కుడిపక్క కింద దుప్పటి చుట్ట పెట్టుకుని పడుకోమన్నది, గుంట పడిన ఎడమ పక్కటెముకల మీద నా అరచెయ్యి పెట్టించి, ఊపిరితో దాన్ని బయటికి నెట్టమన్నది. వారానికోసారి గోడకు నిలబెట్టి రెండు భుజాల ఎత్తూ గుర్తు పెట్టమన్నది. ఉగాది నాటికి ఆ గుర్తుల మధ్య దూరం తగ్గకపోతే తీసుకురండి, మెడ నుంచి తుంటి దాకా సున్నపు పట్టీ కట్టి ఏడాది ఉంచుతాం అన్నది. ఆ పట్టీలో ఉన్న పిల్లను వస్తూ వస్తూ చూశాం. మంచం మీద తెల్లటి దిమ్మెలా పడుకుని ఉంది, కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. లోపల దురద పెడితే గోక్కోవడానికి చేతిలో పొడుగాటి పుల్ల.

కసరత్తు మాత్రం బాగానే సాగింది. మొదటిరోజు అక్క నట్టింట్లో పాకుతుంటే నాయినమ్మ మసక చూపుకు దూడ ఇంట్లోకొచ్చిందనిపించి కట్టె తీసింది. అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకు గుంటలో ఉన్న నా అరచెయ్యి అంతకు ముందెప్పుడూ లేవనంత లేచింది. అప్పటి నుంచి రోజూ పూటకో ఎకసెక్కం చెప్పి దాని పక్కటెముకలు లేపడం నా ఉద్యోగమైంది. నా నోటి వల్ల లోకానికి ఏదైనా మేలు జరిగిందంటే ఆ రెండు నెలలే.

ఈడొచ్చిన బిడ్డ వీపు తండ్రి చూడకూడదు, ఇది మా ఇళ్లల్లో ఎవరూ నోటితో చెప్పని కట్టుబాటు. నాయినమ్మకు చూపు లేదు. కనుక బాపుకు అక్క వీపంటే ఆ గోడే. ప్రతి శుక్రవారం నేను జొన్న గట్క కలిపే తెడ్డును అక్క ఒక్కో భుజం మీద పడుకోబెట్టి బొగ్గుతో గీత గీసేదాన్ని. సాయంత్రం బాపు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, రెండు గీతల మధ్య వేళ్లు పెట్టి చూసుకునేవాడు. మొదట్లో రెండు వేళ్లు పట్టేది.

దీపావళి దాటాక ఒక శుక్రవారం రెండున్నర పట్టింది. అక్క గోడవంక చూసి వడ్ల గుమ్మి పక్కన కూలబడింది. "నన్ను ఆ సున్నంల పెడ్తరే" అన్నది, అంతే. ఏడుపంటే నాకు పడదని చెప్పాను కదా. ఎడమ గీతను బొటనవేలితో చెరిపి, ఒక వేలి మందం పైన కొత్తది గీశాను. "గోడకేం తెలుసే?" అన్నాను. అక్క ఏడుస్తూనే నవ్వింది. సాయంత్రం బాపు వేళ్లు పెట్టి చూసి, మళ్లీ పెట్టి చూసి, బయటికి పోయి బెల్లం ముక్క తెచ్చి ఇద్దరికీ పంచాడు. మరుసటి వారం అక్కే అన్నది: "జర ఇంకింత పైకి పెట్టు. బాపు మస్తు సంబరపడ్డడు."

గోడ మీద అక్క దినదినం నిటారైంది. "మంచిగైనంక ఇంక దేకుడెందుకు?" అన్నది నాయినమ్మ. పాకడం పోయింది, దుప్పటి చుట్ట పోయింది, అక్క మళ్లీ విసుర్రాయి దగ్గరికీ బిందె దగ్గరికీ చేరింది. ఉగాది నాటికి గీతల మధ్య సగం వేలు కూడా పట్టలేదు. "గింత మంచిగున్నంక ఎడ్లనెందుకు సతాయించుడు" అని బాపు కచ్చడం కట్టలేదు.

ఆ పై ఏడు చెరువుకట్ట ఎక్కుతూ అక్క మధ్యలో కూర్చుండిపోయింది. ఊపిరి అందలేదు. బాపు మళ్లీ దవాఖానకు తీసుకుపోయాడు. నర్సమ్మ దారానికి సీసపు గుండు కట్టి అక్క మెడ వెనక నుంచి వేలాడదీసింది. దారం ఒకచోట ఉంది, వెన్ను ఇంకోచోట ఉంది. బయట నిలబడ్డ బాపును పిలిచింది.

"గోడ మీద సగం వేలే ఉన్నదమ్మా" అన్నాడు బాపు.

"నీ గోడ మంచిగనే ఉన్నదయ్యా. పిల్లనే ఇంకింత వంగింది. ఎముక ముదిరింది, ఇప్పుడు సున్నం కట్టినా మారదు. ఊపిరన్న కాపాడుకోండ్రి."

వచ్చేటప్పుడు కచ్చడంలో నాకు ఒక్క ఎకసెక్కం కూడా తోచలేదు. ఇంటికొచ్చి బాపు గోడ మీది గీతల మధ్య మళ్లీ వేళ్లు పెట్టాడు. "నేనే పైకి పెట్టమన్న, చెల్లెను ఏమనకు" అన్నది అక్క. బాపు మమ్మల్ని చూడలేదు. గోడతోనే అన్నాడు: "గంత భయమైతే నాకు చెప్పకపోయినవా బిడ్డా?" తెల్లవారి వచ్చి, మొహం వాకిలివైపు తిప్పుకుని, రవిక మీదుగా అక్క ఎడమపక్కన తానే అరచెయ్యి పెట్టాడు. ఏ కట్టుబాటూ ఆయన్ను ఆపలేదు. అదేదో రెండేళ్ల ముందు ఆపకపోయి ఉంటే బాగుండేది. ఆనాటి నుంచి పొలం పనున్నా లేకున్నా రోజూ ఆ చెయ్యి అక్కడుండేది. నిజాం పాలన పోయిన ఏడు చలికాలంలో అక్కకు దగ్గు పట్టుకుని రొమ్ములోకి దిగింది. అయిదోరోజు పొద్దున బాపు చెయ్యి పెట్టే కూర్చున్నాడు. మళ్లీ నెట్టుతుందేమోనని మధ్యాహ్నం దాకా తియ్యలేదు.

ఇప్పుడు నా కొడుకు తన బిడ్డ వీపును ఫోటో తీసి డాక్టరమ్మకు పంపుతాడు, ఎవరూ సిగ్గుపడరు. గీత యంత్రమే గీస్తుంది, ఎవరి బొటనవేలికీ చెరగదు. మంచి కాలమే వచ్చింది, మా ఇంటి గోడకు కొంచెం ఆలస్యంగా. యంత్రానికి అందనిది ఒకటే మిగిలింది, రోజూ చేసిన కసరత్తుకు ఇంట్లోవాళ్లు గుర్తు పెట్టాల్సిన కాగితం. నిన్న మనవరాలు దాన్ని నా ఒళ్లో పడేసి, "నానమ్మా, మొన్నటిది, నిన్నటిది కూడ చేసిన్నని పెట్టవా, ప్లీజ్? డాడీ ఖుషీ అయితడు" అన్నది.

కాగితం పక్కన పెట్టాను. దాన్ని దగ్గరికి లాక్కుని, ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించాను.

"నెట్టు" అన్నాను.