చర్చి నేలకు సున్నా మార్కులు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఆకాశమన్నా సముద్రమన్నా ఉన్న గౌరవం నేలంటే ఉండేది కాదు. రోజూ తొక్కుకుంటూ తిరిగేదాని మీద గౌరవమేమిటి? సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, నెల్లూరులో మట్టి పరీక్షలు చేసే ఒక చిన్న ఆఫీసులో కుదిరాక కూడా ఆ అభిప్రాయం మారలేదు. (నా చెప్పులకంటిన బురద చూసి, ఇదేం ఉద్యోగమే అని మా అమ్మ పెదవి విరిచేది.) అలాంటి రోజుల్లో మొదటిసారి నన్ను పెద్దను చేసి, పనివాళ్ళతో కోట అనే ఊరి దగ్గర ఒక పల్లెకు పంపించారు. అక్కడి రేకుల చర్చి స్థానంలో ఎత్తైన గంట గోపురంతో కొత్తది కట్టాలని సంఘం వాళ్ళది ఎన్నాళ్ళ నాటి కోరికో.

మా పని చూడ్డానికి మోటుగా ఉంటుంది. మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి, బోరు గుంతలోకి కడ్డీలు దించి, వాటి నెత్తిన మనిషంత బరువున్న ఇనుప దిమ్మను తాడుతో లేపి వదలడం. కడ్డీ అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే నేల అంత గట్టిదన్నమాట. ఆ ముక్కే పాస్టరుగారికి చెప్పాను. "అంటే ఎక్కువొస్తే మంచిదా పాపా, మార్కుల మాదిరి?" అన్నారాయన. అవునన్నాను. ఆ మాట ఊరంతా పాకి, ఆవరణ నిండిపోయింది. ఎండకు బిగిసిన పైమట్టి కడ్డీని ఓ పట్టాన దిగనివ్వలేదు. దిమ్మ పడ్డప్పుడల్లా జనం పైకి లెక్కపెట్టి చప్పట్లు కొట్టారు. "మా నేల్లో గడ్డపారే దిగదు!" అన్నారు పాస్టరుగారు, కన్నబిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినట్టు. నేనైనా ఊరుకోవచ్చు కదా? కొత్త హెల్మెట్టు సర్దుకుని, "గోపురం ఎంత ఎత్తైనా ఢోకా లేదు సార్," అనేశాను.

మధ్యాహ్నానికి బోరు రెండు నిలువుల లోతుకు చేరింది. దిమ్మను మెల్లగా కడ్డీల మీద ఆనించామంతే. ఇంకా లేపనే లేదు. కడ్డీలు వాటంతటవే, దిమ్మతో సహా, చప్పుడు లేకుండా దిగిపోసాగాయి. లెక్కపెట్టడానికి తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. గుంపులోంచి ఎవరో, "ఎన్ని మార్కులు?" అన్నారు. "సున్నా," అన్నాను. నా మొహం చూసి తప్పింది నేనే అనుకుంది కాబోలు, పాస్టరమ్మ వచ్చి భుజమ్మీద చెయ్యేసింది. "ఏడవబాకమ్మా. మళ్ళీ పెట్టుకుందాంలే పరీక్ష. పొద్దన్నించి ఏమన్నా తిన్నావా?"

కడ్డీలు పైకి తీయించి, కొసనున్న గొట్టం విప్పాను. లోపల నల్లటి జిగట మట్టి. అందులో గోటికన్నా చిన్న చిప్పలు, ఒక్కటీ విరగకుండా. గుప్పున సముద్రపు వాసన. చుట్టూ చూస్తే వరిమళ్ళు, సముద్రమేమో ఎక్కడో దూరాన. పాస్టరమ్మ ఆ మట్టిని వేలితో తీసి వాసన చూసి ఉలిక్కిపడింది. "ఇదేంది, సముద్రం మన కింద పండుకోనుండాదే!"

ఒక్కరూ నవ్వలేదు. ఇన్నేళ్ళ ఆరాధనలూ, పెళ్ళిళ్ళూ ఒక పాత సముద్రం మీద జరిగాయన్నమాట. జనం అడుగులు మెల్లగా వేయడం మొదలుపెట్టారు. (నేనూ మునివేళ్ళ మీదే నడిచాను, ఇంజనీరునై ఉండి.)

"అయితే మాకు గోపురం లేదా పాపా?" అన్నారు పాస్టరుగారు. తెలియదన్నాను. ఇంకా కిందికి పోయాం. ఎంత పోయినా అదే మెత్తన. పొద్దు వాలుతుండగా దిమ్మ చప్పుడు మారింది. ఖంగుమంది. అరికాళ్ళు జిల్లుమన్నాయి, కడ్డీ మాత్రం వేలెడే దిగింది. గొట్టంలో బిగిసిన పసుపు రంగు ఇసుక! "ఇక్కడిదాకా కాంక్రీటు కాళ్ళు దించితే నిలబడుతుంది సార్," అన్నాను. ఆయన తుండుతో కళ్ళొత్తుకుని, "అంత లోతున పెట్టి ఉంచినాడు చూడు," అన్నారు. ఎవరని నేనడగలేదు.

అలాగే కట్టారు. ప్రతిష్ఠ రోజున నన్నూ పిలిచారు. గంట మోగగానే అందరూ తలలెత్తి గోపురం చూస్తుంటే, నేను తలొంచుకుని నేల చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న అక్క, "పాప కమ్మ పడిపోయినట్టుండాది, చూడండమ్మా," అంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు వంగి వెతకసాగారు. నా కమ్మలు రెండూ చెవులకే ఉన్నాయి. అయినా నేనూ వాళ్ళతోపాటు వంగి ఆ నేలను చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు చల్లటి గదిలో కూర్చుని, ఎవరో పంపిన దెబ్బల లెక్కలు చూసి సంతకాలు పెడుతుంటాను. నేల తడుముతూ కూర్చున్న ఆ పిచ్చిపిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. ఇంకాసేపు వెతకనివ్వాల్సింది దాన్ని.