తిమింగలం కోసం వేలిముద్రలు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూస్తూంటే మా అక్క మనవరాలు పంపిన సందేశం ఒకటి కనబడింది. ఎక్కడో ఉత్తరాన చలిసముద్రాల్లో తిమింగలాలను వేటాడి చంపుతున్నారనీ, అది ఆపాలని ఎందరో సంతకాలు చేస్తున్నారనీ, నువ్వు కూడా అక్కడ ఒక్కసారి నొక్కు అమ్మమ్మా అనీ దాని సారాంశం. మంచి పనే కదా అని వేలు చాపాను గాని నొక్కలేకపోయాను. ఏ కాగితం వెనక ఎవరున్నారో, ఏముందో అని సందేహించడం నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అలవాటైంది. అలవాటు చేసింది కూడా ఒక తిమింగలమే అంటే నా ఈడువాళ్ళయినా నమ్ముతారో లేదో.

అప్పుడు నేను విశాఖపట్నం మన్యంలో, ముంచింగిపుట్టు సంతకు రెండు గంటల నడక దూరంలో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. హాస్టల్లో వండిపెట్టే ఆవిడే నాకు తోడు. పిల్లలతోపాటు నేనూ ఆవిడను వంటక్క అనే పిలిచేదాన్ని. ఆవిడ మామగారు ఆ ఊరికి దిసారి, అంటే విత్తనం ఎప్పుడు చల్లాలో, వేటకు ఏ రోజు బయలుదేరాలో చెప్పే పెద్ద. చైత్రమాసం పండగకు మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని కొండెక్కి, దొరికిన జంతువు నెత్తురు విత్తనాలకు తాకించి, ఆ తరవాతే పొలం పనికి దిగేవారు. నేను వెళ్ళిన మొదటి ఏడు, కర్రకు వేలాడగట్టి తెచ్చిన కొండగొర్రె కళ్ళు చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టినదాన్నే అయినా సయించలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మరుసటి ఏడు, సరిగ్గా ఆ పండగకు వారం ముందు, విశాఖపట్నం నుంచి ఒకావిడ జీపులో దిగింది. మూగజీవాల కోసం పనిచేసే సంఘమట. పిల్లల యూనిఫారాలు ఆరేసే తాడు మీద పెద్ద పెద్ద రంగుల ఫోటోలు వేలాడదీసింది. సముద్రమంతా ఎర్రగా ఉంది, ఓడ పక్కన మా బడి అంత పొడుగు ప్రాణి తోక పైకి పెట్టి పడి ఉంది. సముద్రం ఎన్నడూ చూడని ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆవిడ చెప్పింది వాళ్ళకు, వాళ్ళు అడిగింది ఆవిడకు విడమరిచి చెప్పే పని నాది.

దిసారి చాలాసేపు చూసి, "అంత సేపని ఎవులు తింతారు?" అన్నాడు. అది చేప కాదనీ, పిల్లకు పాలిస్తుందనీ, చంపినవాళ్ళందరూ దాన్ని తినడానికే చంపరనీ, కొంత అమ్ముకుంటారనీ ఆవిడ చెప్పింది. పాలిస్తుందనేసరికి ఆడవాళ్ళలో గుసగుసలు బయలుదేరాయి.

"మరి అది పారిపోదా? సముద్రంలో దానికి దారి నేదా?" అన్నాడు దిసారి.

"దానికన్నా పడవే వేగం తాతా. మందుగుండు ఉన్న బల్లెం వేస్తారు," అంది ఆవిడ.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "మేం నడిసి ఎల్తాం. కొండగొర్రెకీ కాళ్ళున్నాయి, మాకూ కాళ్ళున్నాయి. ఇది ఏట కాదమ్మా."

ఆవిడ మర్యాదగానే, మీరు చంపేవాటిలో కూడా పిల్లతల్లులు ఉండవచ్చు కదా అని అడిగింది. ఆయన ఇంకో ఫోటో వైపు తిరిగాడు. నేనూ ఆ ప్రశ్నను రెండోసారి చెప్పలేదు.

తరవాత సంతకాల కాగితాలు తీసింది. మొదటి కాగితం మీద తిమింగలాలను చంపవద్దని తెలుగులో చక్కగా రాసి ఉంది. కింద కుట్టిన కాగితాల మీద మాత్రం గీతలూ అంకెలూ తప్ప అక్షరం ముక్క లేదు. అందరికంటే ముందు వంటక్క వేలిముద్ర వేసింది, తరవాత ఊరంతా వేసింది. పై కాగితం చింపి పారేసి ఇంకొకటి కుడితే ఈ వేళ్ళు దేనికి ఒప్పుకున్నట్టు? వేట మానేశామని ఊరే రాసిచ్చినట్టు చూపిస్తే? పండగకు వారం ముందే ఎందుకొచ్చింది?

జీపు ఎక్కబోతున్న ఆవిడను ఆపి, ఆ కాగితాలు ఇంకోసారి ఇమ్మని అడిగాను. ప్రతి కాగితం తలమీదా, "ఇది సముద్రపు తిమింగలం సంగతి మాత్రమే" అని నా చేత్తో రాశాను. "మమ్మల్ని అనుమానిస్తున్నారా టీచర్‌గారూ?" అంది ఆవిడ చిన్నబుచ్చుకుని. కాగితాలు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

పండగనాడు మగవాళ్ళు కొండ మొదలుకు చేరేసరికి అటవీ సిబ్బంది ఎదురుచూస్తున్నారు. ఏ దారిన వస్తారో, ఎందరు వస్తారో ముందే తెలిసినట్టు నిలబడ్డారట. విల్లులన్నీ పట్టుకుపోయారు, దిసారిని ఆఫీసుకు తీసుకెళ్ళి సాయంత్రానికి వదిలారు. ఆ ఏడు విత్తనాలకు కోడినెత్తురే తాకించారు. ఊరంతా ఆ జీపావిడను తిట్టింది. నేను అనుమానించినంతా అయిందని వాళ్ళతోపాటు నేనూ తిట్టాను, కాస్త గర్వంగా కూడా.

నెల తిరక్కుండానే జీతం పని మీద మా పై ఆఫీసుకు వెళితే గుమాస్తా బల్ల మీద నా అర్జీ కనబడింది. పండగకు పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోతారు కాబట్టి మూడు రోజులు బడికి సెలవిప్పించమని అంతకు ముందే నేను రాసుకున్న అర్జీ అది. అందులో కొన్ని వరసల కింద ఎర్రసిరా గీతలున్నాయి, నకలు అటవీ ఆఫీసుకు పంపినట్టు పక్కన రాసి ఉంది. ఇదేమిటని అడిగితే, "మీరు రాసిందే కదా మేడమ్," అన్నాడు గుమాస్తా.

అవును, నేను రాసిందే. సెలవు అడగడానికి ఒక్క వాక్యం చాలు. నేను అరపేజీ రాశాను. ఏ రోజు, ఏ కొండ, ఇంటికి ఎందరు మగవాళ్ళు, అన్నీ రాశాను. కొత్త ఉద్యోగపు అత్యుత్సాహంతో రాశానా, కర్రకు వేలాడిన ఆ కళ్ళు నా చేత రాయించాయా అని ఎన్నిసార్లు అడిగినా నా మనసు నాకు సూటిగా సమాధానం చెప్పలేదు. లోకంలో అందరికంటే ఎక్కువగా నన్నే నేను అనుమానించుకున్న రోజులవి.

ఊళ్ళో చెప్పలేదు. వానాకాలంలో జీపావిడ ఉత్తరం వచ్చింది, నా చేతిరాత ఉన్న ఆ కాగితాలను పెద్దవాళ్ళెవరికో అందజేస్తున్న ఫోటోతో సహా. మళ్ళీ రావచ్చా అని అడిగింది. నేను జవాబు రాయలేదు. ఏముందందులో అని వంటక్క అడిగితే, ఏమీ లేదన్నాను.

బదిలీ అయ్యేదాకా ఇంకో తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాను. ఆ తొమ్మిదేళ్ళలోనూ పండగ రోజు ఎప్పుడో ముందుగా నాకెవరూ చెప్పలేదు. ఒక పొద్దున హాస్టలు ఖాళీగా కనబడితే ఇవాళే కాబోలు అనుకునేదాన్ని. వచ్చేసే ముందురోజు పొయ్యి దగ్గర కూర్చుని, ఇక ఉండబట్టలేక, ఆ అర్జీ సంగతి వంటక్కతో చెప్పేశాను. ఆవిడ కట్టె ఎగదోస్తూ, "తెలుసు టీచరమ్మా. ఆ నెల్లోనే తెలిసింది," అంది.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వెల్లిపోతావు. బళ్ళో గుంటలకి అచ్చరాలు ఎవులు సెప్తారు?"

ఇప్పుడు వంటక్క లేదు, దిసారి ఎప్పుడో పోయాడు. ఆ కొండ చుట్టూ కాఫీ తోటలు లేచాయి, విత్తనాలు సంతలో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. వంటక్క కూతురు ఈ ఏడు పండగకు పది రోజుల ముందే ఫోను చేసి, ఫలానా రోజు మనవాళ్ళు కొండెక్కుతారు, చూడడానికి రండి అంది. కొండగొర్రెలు ఉన్నాయా అని అడిగితే, ఎక్కడివి, ఊరికే ఎక్కి దిగుతారు అని నవ్వింది. ఆ తేదీ ఒక్కసారైనా నాతో చెప్పాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకు తెలుసు. ఇక దాచవలసిందేమీ మిగలక ఇంత సులువుగా చెప్పేశాక మాత్రం, నా దగ్గర ఇంకా దాచి ఉంటేనే బాగుండేదనిపించింది.