పేర్ల వరుస కోసేయమన్నాను

పత్రికలో పాతికేళ్లు పనిచేశాక కొత్త విలేకరులకు నేర్పే పని నాకు అప్పగించారు. తెనాలి ఆఫీసులో ప్రతి శనివారం క్లాసు. బాపట్ల, రేపల్లె వైపు మండలాల నుంచి వచ్చేవారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరూ అడగని సందేహాలకు కూడా జవాబులు చెప్పేవాడిని.

నా ప్రధాన శత్రువు వార్త చివర వచ్చే పేర్ల వరుస. ఎక్కడ ఒక మొక్క నాటినా ఫలానావారు, ఫలానావారు, తదితరులు పాల్గొన్నారు. "జరిగింది వార్త, వచ్చినవాళ్లు కాదు. ఆ వరుస కోసేయండి" అని బల్ల గుద్ది చెప్పాను. అందరూ రాసుకున్నారు. పాటించింది ఒక్కరే.

ఆమె పిట్టలవానిపాలెం విలేకరి. బళ్లో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి ఇందులో చేరింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉంచాలో వద్దో రిపోర్టు నేనే రాయాలి. ఆమె వాట్సాప్‌లో పంపే వార్తల్లో ఒక్క పేరూ ఉండేది కాదు. నా శిష్యురాలని ఆఫీసంతా చెప్పుకున్నాను.

ఒక ఉదయం పిట్టలవానిపాలెం పేపరు ఏజెంటు ఫోన్ చేశాడు.

"సార్, మీ అమ్మాయి మా ఊరి మీద పగబట్టిందా ఏంటండి?"

"ఏమైందండి?"

"ఊరంతా దిగి కాలవ పూడిక తీస్తే, 'గ్రామస్థులు' అని వేశారు. గ్రామస్థులంటే ఎవరండి? మా బాబాయి నాలుగు పేపర్లు కొని, తన పేరు లేదని నాలుగూ నా మొహాన కొట్టాడు. ఇట్టాగైతే పేపరు ఎవరు వేయించుకుంటారండి?"

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆ మండలంలో కాపీలు తగ్గుతున్నాయి, విలేకరిని తీసేద్దామనుకుంటున్నాం, మీ రిపోర్టు పంపండి.

ఆమెను పిలిపించాను. "పేర్లు లేకపోతే ఊళ్లో ఊరుకోరని నీకు తెలియదామ్మా?"

"తెలుసండి. మా అత్తగారే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడా మట్టి మోసింది కదండి. మీరు అంతలా బల్ల గుద్దేసరికి, సార్ తెలియకుండా చెబుతారా అనుకున్నానండి."

మట్టి మోసిన మనిషి తన పేరు చూసుకోవాలనుకోవడం నాకు చాపల్యంగా కనిపించింది. నా వార్త మీద నా పేరు పడని రోజున, వార్తలు దిద్దే డెస్కు వాళ్లతో నేను పెట్టుకున్న పోట్లాటలు మాత్రం వృత్తి గౌరవం కింద జమ.

రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. 'శిక్షణలో కొన్ని లోపాలు జరిగి ఉండవచ్చు' అని మొదలుపెట్టాను. లోపం ఎవరిదో చెప్పని ఇలాంటి వాక్యాన్ని ఇంకొకరు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాడిని. చెరిపి మళ్లీ రాశాను: 'తప్పుగా నేర్పింది నేను. ఆమె నేను చెప్పినట్టే రాసింది. ఆమెను కొనసాగించాలి.'

ఆమెను ఉంచారు. నన్ను క్లాసుల నుంచి తప్పించారు. ఆ శుక్రవారం ఆమె ఫోన్ చేసింది.

"సార్, రేపు క్లాసు మీదేనాండి?"

"కాదమ్మా, వేరే ఆయన చెబుతారు."

"అమ్మయ్య, అయితే వస్తానండి" అంది. అన్నాక తనేమన్నదో తెలిసినట్టుంది, గబుక్కున ఫోన్ పెట్టేసింది.