నాయనమ్మ పెట్టిన మూడు ముద్దులు

2022 వేసవి. కరోనా తగ్గి మాస్కులు గడ్డం కిందికి జారిన రోజులు. విజయవాడ పటమటలో ఓ పిల్లల అలర్జీ క్లినిక్‌లో నేను నర్సుని. నా పనేమిటో చెబితే మా మైలవరంలో ఎవరూ నమ్మరు. పిల్లలకి ఏ తిండి పడదో సరిగ్గా దాన్నే నా చేత్తో తినిపించి, వాళ్ల మొహంలోకి చూస్తూ కూర్చోవాలి. పైగా దీనికి జీతం. దీన్ని ఓరల్ ఫుడ్ ఛాలెంజ్ అంటారు. అలర్జీ తగ్గిందో లేదో తేల్చడానికి ఆ తిండిని డాక్టరు పర్యవేక్షణలో రవ్వంతతో మొదలుపెట్టి, ఆగి ఆగి పెంచుతూ పెట్టే పరీక్ష. పక్కనే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. ప్రాణం మీదికొస్తే కాపాడేది అదే కాబట్టి, ఇంట్లో సొంతంగా చేసే పని కాదిది.

లాస్యకి నాలుగేళ్లు. అన్నప్రాసన నాడు పరమాన్నం నాలుక్కి రాయగానే ఒళ్లంతా దద్దుర్లు, గుండెల్లో పిల్లికూతలు. పాలు పడవని అలా తెలిసింది. ఖర్మ చూడండి, వాళ్ల నాయనమ్మ సీతారావమ్మ గారిది హనుమాన్ జంక్షన్ పక్కన పాడి ఇల్లు. అక్కడ గోడకి చెయ్యి ఆనిస్తే వెన్న అంటుకుంటుందని తల్లి స్వాతి భయం. పిల్లని ఆ గడప తొక్కనివ్వలేదు. పాపం పెద్దావిడే బస్సెక్కి వచ్చి చూసుకుని వెళ్లేవారు. ఈ పరీక్ష గట్టెక్కితే సెలవులకి పంపుతానని స్వాతి మాటిచ్చింది.

సీతారావమ్మ గారికి అసలు ఈ జబ్బు మీదే నమ్మకం లేదు. "ఆవుపాలు పడవంటే సరేనమ్మా. మావి గేదెలు కదా," అన్నారు నాతో. ఆవుపాల ప్రోటీన్లూ గేదెపాల ప్రోటీన్లూ అక్కచెల్లెళ్లనీ, ఒకటి పడని పిల్లలకి సాధారణంగా రెండోదీ పడదనీ చెప్పాను. మా గేదెల్ని చూడకుండా నీకేం తెలుసన్నట్టు చూశారు.

మా డాక్టరు గారు ఆవిడకి ఓపిగ్గా వివరించారు. ఐజీఈ అనే యాంటీబాడీ లాస్య ఒంట్లో పాలని దొంగ అనుకుని కేకలు పెడుతోంది. పాలని పిండిలో కలిపి బాగా బేక్ చేస్తే ప్రోటీన్ ఆకారం కొంత చెదురుతుంది, చాలామంది పిల్లలు దాన్ని తట్టుకుంటారు. తట్టుకున్నవాళ్లు అలా తింటూ ఉంటే, ఐజీజీ4 అనే ఇంకో యాంటీబాడీ పెరుగుతుంది, ఐజీఈ కేకలు మెల్లగా తగ్గుతాయి. ఒంటికి వచ్చే ఆ ఓర్పునే టాలరెన్స్ అంటారు. అంతా విని, అయితే వర్జ్యం లేని వేళ చూసి పెట్టండి అన్నారావిడ.

వర్జ్యం లేని గురువారమే పెట్టాం. ఆవిడ పట్టుచీరలో వచ్చారు. పాలు పోసి బేక్ చేసిన మఫిన్ చిదిపి చిటికెడు పెట్టాను. ఏం కాలేదు. రెండోసారి కాస్త పెద్ద ముక్క. అప్పుడూ ఏం కాలేదు. స్వాతి మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. నేను డాక్టరు గారికి చెప్పొచ్చేలోగా పిల్ల మొహం మీద ఎర్రటి దద్దుర్లు లేచి ఉన్నాయి. ఇంజెక్షన్ ట్రే అందుకున్నాను. స్వాతి ఏడుపు.

డాక్టరు గారు వచ్చి ఛాతీ విన్నారు, పొట్ట, వీపు చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఉన్నవి మూడే. బుగ్గకొకటి, నుదుటిమీద ఒకటి. తిన్నది పడకపోతే వచ్చే దద్దుర్లు ఇంత పద్ధతిగా, బొట్టు పెట్టినట్టు రావు. అప్పుడే నా ముక్కుకి కమ్మటి వాసన తగిలింది.

"అమ్మా, మీరు కాఫీ తాగారా?"

"తాగానమ్మా. పొద్దున్నుంచీ ఉపవాసం. పిల్ల తినేసిందని, కిందికెళ్లి తాగొచ్చా."

"తాగొచ్చి?"

"దిష్టి తగలకుండా మెటికలు విరిచి, మూడు ముద్దులు పెట్టా."

మొహం కడిగితే కాసేపట్లో దద్దుర్లు మాయం. నాకు నవ్వాగలేదు, నవ్వే వీలూ లేదు. ఆ రోజుకి పరీక్ష ఆపేశారు. బేక్ చేసిన పాలు కడుపులోకి వెళితే ఊరుకున్న ఒళ్లే, మామూలు పాలు చర్మానికి తగిలితే గోల చేసింది. తినే దారిన వస్తే ఓర్పు, చర్మం దారిన వస్తే అలారం నేర్చుకోవడం ఒంటికి అలవాటేనని డాక్టరు గారు చెబుతున్నారు. వినే స్థితిలో ఎవరున్నారు? "ఇందుకే పంపనన్నాను అత్తయ్యా," అంది స్వాతి. సీతారావమ్మ గారు పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది.

మరుసటి నెల మళ్లీ పెట్టాం. ఈసారి ఆవిడ గది చివర, పిల్లకి ఆమడ దూరంలో కూర్చున్నారు. లాస్య మఫిన్ మొత్తం తినేసి ఇంకోటి అడిగింది. నెగ్గినట్టే. అయితే బేక్ చేసినవే, అదీ చెప్పిన కొలతలోనే తినాలి, మామూలు పాలూ పెరుగూ దరిచేరకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

అందరూ లేచారు. పెద్దావిడ పిల్లని పంపమని అడగలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు. "ఇప్పుడు ముద్దు పెట్టుకోవచ్చా అమ్మా?"

కాఫీ తాగి ఎంతసేపైందని అడిగాను.

"ఆ రోజే మానేశానమ్మా. పాలు, పెరుగు అన్నీ. మజ్జిగ లేకుండానే అన్నం తింటున్నా."

స్వాతి విన్నది. సంచి సర్దుకుంటూ తలెత్తకుండానే, "ఆదివారం తీసుకెళ్లండి అత్తయ్యా," అంది.

అప్పట్నుంచి ఛాలెంజ్ రోజున పిల్లల కంటే ముందు పెద్దవాళ్లని విచారిస్తాను, ఏం తాగొచ్చారని. కొందరు తాతగార్లకి కోపమొస్తుంది. రానివ్వండి. పడనిది మానాల్సింది పిల్లలే అనుకునేదాన్ని. వాళ్లని దగ్గరికి తీసుకోవాలనుకునే వాళ్లు కూడా మానాలని, జీవితమంతా పాలు పితికినావిడ నాకు చెప్పింది.